ఇంగువ గిన్నెకు క్లియర్ చెప్పిన రోజు

మా కంపెనీ ట్రైనింగ్ హాల్లో గోడకు కట్టిన బ్యానర్ చూడగానే నాకు ఒళ్ళు మండింది. 'ఐదు ఇంద్రియాలతో పని నేర్చుకుందాం' అని పెద్ద పెద్ద రంగుల అక్షరాలు. వాటి కింద కన్ను, చెవి, చెయ్యి, నాలుక, ముక్కు బొమ్మలు. ముక్కు బొమ్మకు ఎవరో సరదాగా నవ్వు కూడా గీశారు. నాకు నవ్వు రాలేదు. ఆ ఐదింట్లో ఒకటి నాకు లేదు. ముక్కు ముఖం మీదే ఉంది, ఊపిరి పీలుస్తుంది, జలుబు చేస్తే కారుతుంది కూడా. వాసన మాత్రం రాదు.

ఈ సంగతి అప్పటికి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. కంపెనీ డాక్టరు అన్‌ఫిట్ అని రాస్తాడు. అలా రాసిన కాంట్రాక్టు మనిషిని మర్నాడు గేటు లోపలికి రానివ్వరు. జుట్టు తెల్లబడేదాకా అదే షెడ్డులో పనిచేసినా నేను కాంట్రాక్టు మనిషినే.

మాది మందుల ముడిసరుకు తయారు చేసే కంపెనీ. పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ వైపు బస్సులో వెళ్తుంటే, ఒకప్పుడు నేను కళ్ళు మూసుకుని, వాసనను బట్టే ఏ కంపెనీ గేటు దాటుతున్నామో చెప్పేవాణ్ణి. పక్క సీట్లో ఆడవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే నవ్వుకునేవాణ్ణి, వీళ్ళకు ఇంకా అలవాటు కాలేదని. అలవాటు కావడమంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు.

నా పని సాల్వెంట్ల దగ్గర. ముడిసరుకును కరిగించే ద్రవాలు అవి. పెట్రోలులాగే ఆవిరవుతాయి, పెట్రోలులాగే అంటుకుంటాయి. డ్రమ్ముల్లో వస్తాయి. ఖాళీ అయిన డ్రమ్మును కడిగి, ఆరబెట్టి, వెనక షెడ్డుకు పంపుతాం. అక్కడ ఒకతను గ్యాస్ కట్టర్‌తో దాన్ని నిలువునా కోసి రేకు చేస్తాడు. డ్రమ్ములో ఏ మూలనైనా సాల్వెంట్ ఆవిరి మిగిలి ఉంటే, కట్టర్ మంట తగలగానే పేలుతుంది. కోసేవాడు ముక్కలైపోతాడు. అందుకని పంపే ముందు మూత విప్పి, వంగి, చేత్తో గాలిని ముక్కు వైపు విసురుకుని, వాసన లేదని తేల్చుకుని 'క్లియర్' అని గట్టిగా చెప్పాలి. కాగితాల మీద దీనికి ఆవిరిని పట్టే మీటరు వాడాలని రాసి ఉంటుంది. షెడ్డులో మాత్రం ముక్కే మీటరు. ఆ క్లియర్ చెప్పేవాళ్ళం ఇద్దరం. ఒకడిని నేను, రెండోవాడు మా భాయ్.

భాయ్‌ది సంగారెడ్డి. వాళ్ళ నాన్నకు పాత బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేదట. నాకంటే కొంచెం పెద్దవాడైనా నన్ను అన్నా అనే పిలుస్తాడు. కంపెనీలో అందరూ అందరికీ అన్నలే. ప్రతి శుక్రవారం అత్తరు పూసుకొచ్చేవాడు. ఏడాదికేడాది ఆ అత్తరు ఎక్కువవుతోందని షెడ్డంతా వేళాకోళం. “భాయ్ ఇయ్యాల అత్తర్ల స్నానం జేసిండు” అని కట్టర్ దగ్గరి తమ్ముడు దూరం నుంచే ముక్కు మూసుకునేవాడు. భాయ్ కూడా నవ్వేవాడు.

ఆ కట్టర్ తమ్ముడిది నారాయణఖేడ్ వైపు. చిట్కుల్‌లో కిరాయికి ఉంటాడు. ముప్పై దాటిన మనిషి, పని చేస్తూ ఈల వేస్తుంటాడు. మేము పంపిన డ్రమ్మును ఒక్కసారైనా తిప్పి చూసుకోడు. ఒకసారి అడిగాను, నువ్వు కూడా ఒకసారి చూసుకుని కొయ్యొచ్చు కదా అని.

“మీ ఇద్దరు సీనియర్లు సూసినంక నేనేం సూసుడన్నా? మీరు క్లియరంటే క్లియరే” అని కట్టర్ అంటించాడు.

నాకు వాసన ఒక్కరోజులో పోలేదు. పోతున్నట్టు తెలియనే లేదు. మొదట పచ్చడి రుచి తగ్గింది. మా ఆవిడ చేతి మామిడికాయ పచ్చడి ఉప్పూ కారమూ పులుపుగా మాత్రమే మిగిలింది. ఈసారి బాగా కుదరలేదని ఆమెనే అన్నాను, ఆమె అలిగింది. తర్వాత ఒకరోజు ఆమె నీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి పొయ్యి మీద పాలు మాడి, గిన్నె నల్లబడి, ఇల్లంతా కమురు. నేను పక్క గదిలో టీవీ చూస్తున్నాను.

“ఏందయ్యా, ఇల్లంత కమురు కొడ్తుంటే గిట్ల కూసున్నవ్? నీకు వాసనొస్తలేదా?”

వస్తోందని అన్నాను. ఆమె నమ్మలేదు. కొబ్బరినూనె సీసా, కిరోసిన్ డబ్బా తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని చెప్పమంది. చెప్పలేకపోయాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. పొయ్యి దగ్గరికి నన్ను రానివ్వడం మానేసింది. గ్యాస్ లీకైతే నీకు తెల్వదు అంది. మంగళవారం ఇస్మాయిల్‌ఖాన్‌పేట తీసుకెళ్ళి దుర్గా భవానికి మొక్కించింది. అందరూ భక్తిగా నిలబడ్డ చోట నేను కోపంగా నిలబడ్డాను. ఇంట్లో పొయ్యి వెలిగించడానికి పనికిరాని మనిషి, కంపెనీలో డ్రమ్ములకు క్లియర్ చెబుతున్నాడు.

మరి ఎలా చెబుతున్నావని మీరు అడగొచ్చు. భాయ్ ఉన్నాడని చెబుతున్నాను. డ్రమ్ము మూత విప్పగానే ఇద్దరం వంగేవాళ్ళం.

“నీకేమన్న వస్తుందా అన్నా?”

“లేదు భాయ్. నీకు?”

“నాగ్గూడ లేదు.”

“అయితే క్లియర్.”

నా 'లేదు'కు విలువ లేదని నాకు తెలుసు. కానీ భాయ్ 'లేదు' అంటే లేనట్టే కదా. ఒక్క ముక్కు చాలదా డ్రమ్ముకు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అందుకే భాయ్ సెలవు పెట్టిన రోజు నేనూ ఏదో వంకతో సెలవు పెట్టేవాణ్ణి. ఆశ్చర్యమేమిటంటే, నేను సెలవు పెట్టిన రోజు భాయ్ కూడా రాడని సూపర్‌వైజరు తిట్టేవాడు. జోడెడ్లని మా ఇద్దరికీ పేరు పెట్టాడు.

ఇక ఆ ట్రైనింగ్. హైదరాబాద్ నుంచి వచ్చిన మేడమ్ మంచి మనిషే, ఆ మాట దాచను. అంతకు ముందు ట్రైనింగ్ అంటే ఎవడో వచ్చి తెర మీద ఇంగ్లీషు బొమ్మలు ఒక్కొక్కటీ వేసి చదివి వెళ్ళిపోయేవాడు. మేము ఏసీలో నిద్రపోయి, లేచి, హాజరు సంతకం పెట్టేవాళ్ళం. ఈమె మమ్మల్ని కుర్చీల్లోంచి లేపింది. ఫోన్‌లో మోటార్ల చప్పుళ్ళు వినిపించి, ఏది బాగున్న మోటారు, ఏది బేరింగ్ పోయినది అని అడిగింది. అందరం పోటీపడి అరిచాం. గుడ్డసంచిలో నట్లు, బోల్టులు, వాషర్లు వేసి చేత్తో తడిమి పోల్చమంది. పెద్ద పెద్ద మీసాలవాళ్ళు పిల్లల్లా సంచిలో చేతులు పెట్టి నవ్వారు. నేను కూడా నవ్వాను. విని, ముట్టుకుని, చేసి చూసి నేర్చుకుంటే మనసులో నిలబడుతుందని ఆమె చెప్పిన మాట నిజమే. ఈ పద్ధతి మేము చేరిన కొత్తలో ఎందుకు లేదని అప్పుడే నాకు కోపం మొదలైంది. చేరిన కొత్తలో మాకు నేర్పింది ఒక్కటే. వంగు, వాసన చూడు.

ఆఖరున ముక్కు వంతు వచ్చింది. ఆమె బల్ల మీద గుడ్డ కప్పిన స్టీలు గిన్నెలు పేర్చింది. కళ్ళకు గంతలు కడతారు. చేతిలో పెట్టిన గిన్నెలో ఏముందో వాసన చూసి చెప్పాలి. కొన్ని గిన్నెలు ఖాళీగా కూడా ఉండొచ్చు అంది.

కడుపునొప్పి అని బయటకు పోదామనుకున్నాను. తలుపు దగ్గర ప్లాంట్ మేనేజరు సారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంతలో మేడమ్ “మీరు షెడ్డులో జంటలుగా పని చేస్తారట కదా, ఇక్కడా జంటలుగానే రండి. ఇద్దరూ మాట్లాడుకుని ఒకే జవాబు చెప్పండి” అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. భాయ్ చెయ్యి పట్టుకుని ముందుకు నడిచాను. భాయ్ అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. ఏసీ హాల్లో చెమటేమిటని కూడా నాకు తోచలేదు.

గంతలు కట్టారు. గిన్నె మా ఇద్దరి చేతుల మధ్య పెట్టారు. అలవాటు కొద్దీ ఇద్దరం వంగాం, చేత్తో గాలి విసురుకున్నాం.

“నీకేమన్న వస్తుందా అన్నా?” అన్నాడు భాయ్.

“లేదు భాయ్. నీకు?”

“నాగ్గూడ లేదు.”

నేను తలెత్తి, షెడ్డులో చెప్పినట్టే గట్టిగా “క్లియర్!” అన్నాను.

హాలు ఒక్కసారి గొల్లుమంది. నవ్వు ఆగడం లేదు. ఎవరో బల్ల చరిచారు. “వామ్మో, నాకీడికి గుప్పుమని కొడ్తుందిరా బాబూ!” అని కట్టర్ తమ్ముడి గొంతు వెనక వరసలోంచి వినిపించింది. నేను గంత పీకేశాను. గిన్నె నిండా ఇంగువ. ముద్ద ఇంగువ, నలిపి వేసింది. మొదటి వరసలో వాళ్ళు ముక్కులు మూసుకుని ఉన్నారు. భాయ్ కూడా గంత తీశాడు. ఇంగువను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను అతణ్ణి చూశాను.

ఆ చూపు నేను చచ్చేదాకా మరచిపోను. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఎన్ని డ్రమ్ములకు క్లియర్ చెప్పామో, ఎన్ని డ్రమ్ముల ముందు ఆ తమ్ముడు ఈల వేస్తూ కట్టర్ అంటించాడో అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. అతను మాత్రం వెనక వరసలో కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

మేడమ్ చప్పట్లు కొట్టి అందరినీ నెమ్మదింపజేసింది. “నవ్వకండి, ఇందులో తప్పేం లేదు. అందరూ ఒకే రకంగా నేర్చుకోరు. కొందరు విని నేర్చుకుంటారు, కొందరు వాసనతో గుర్తుపెట్టుకుంటారు. వీళ్ళిద్దరిదీ చూసి నేర్చుకునే తరహా” అని చెప్పి, కంటి బొమ్మ ఉన్న నీలం స్టిక్కరు ఒకటి భాయ్ చొక్కాకు, ఒకటి నా చొక్కాకు అతికించింది.

అప్పుడు నా అరికాలి మంట నెత్తికెక్కింది. తరహా అట! ఈ షెడ్డులో చేరిన రోజున మా అమ్మ కట్టిచ్చిన సద్దిలో ఉల్లిగడ్డ వాసన నాకు బస్సు దిగకముందే తెలిసింది. వాన పడబోతుంటే మట్టి వాసన తెలిసింది. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ తలలో పూలు వాడిపోతే తెలిసింది. అవన్నీ ఆ డ్రమ్ముల్లోకి పోయాయి. ఇప్పుడు ఈమె నా చొక్కాకు బొమ్మ అతికించి, అది నా తరహా అంటోంది. స్టిక్కరు పీకి బల్ల మీద కొట్టాను.

“మేడమ్, ఇది తరహా గాదు. నా ముక్కు పన్జేస్తలేదు. వాసన సూడు, వాసన సూడు అని ఇన్నేండ్లు ఆ డ్రమ్ముల మీద వంగబెట్టిండ్రు. గట్లనే పోయింది. నేను చూసి నేర్చుకునేటోణ్ణి గాదు, వాసన పోగొట్టుకున్నోణ్ణి. మీటరు ఉన్నది కంపెనీల. సేఫ్టీ ఆఫీసుల అద్దాల బీరువాల పెట్టి తాళమేసిండ్రు. ఆడిట్‌కు సార్లు వచ్చిన్నాడు తీసి తుడుస్తరు. మాకేమో ముక్కు!”

నవ్వులు ఆగిపోయాయి. మేడమ్ ముఖం తెల్లబోయింది. వెనక నుంచి మేనేజరు సారు తొందరగా లేచాడు. “ఇక టీ బ్రేక్ ఇచ్చేద్దామండీ మేడమ్. టైమైపోయింది” అన్నాడు. అతనిది కోస్తా. ఎంత కోపంలోనైనా మర్యాద తప్పడు. నా పక్కనుంచి వెళ్తూ చెవిలో “ఆరోగ్యం సంగతులు నలుగురిలో ఎందుకండీ? నా రూముకొచ్చి చెప్పుకోవాలి కదా” అన్నాడు.

నేను భాయ్‌ను క్యాంటీన్ వెనక్కి లాక్కుపోయాను.

“భాయ్, ఖరాఖండిగ చెప్పు. నీకు వాసన లేదా?”

“ఎప్పటి సంది లేదో నాకే యాది లేదు.”

“మరి డ్రమ్ము కాడ లేదు, లేదు అంటివి?”

“నాకు రాలే, లేదని అన్న. అబద్ధమాడిన్నా?” అన్నాడు. “నీకొస్తే నువ్వు చెప్తవనుకున్న. నువ్వు గూడ లేదంటివి గదా.”

భాయ్ కాలరు పట్టుకున్నాను. ఆ రోజు శుక్రవారమే, మెడ దగ్గర చొక్కా అత్తరుతో జిడ్డుగా ఉంది. ప్రతి శుక్రవారం ఎందుకంత పూసుకుంటున్నాడో అప్పుడు అర్థమైంది. వాసన తెలిసేదాకా పూసుకుంటున్నాడు, తెలియడం లేదు. కాలరు వదిలేశాను. అతను చెప్పింది అక్షరాలా నా మాటే. నన్ను కొట్టుకోలేక అతని మీద చెయ్యి వేశాను.

అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున మేము క్లియర్ చెప్పిన డ్రమ్ములు షెడ్డులోనే ఉన్నాయని. పరుగెత్తాను. టీ అయిపోగానే తమ్ముడు వచ్చి మొదటి డ్రమ్మును పడుకోబెట్టి, కళ్ళద్దాలు సర్దుకుంటున్నాడు. లైటర్ చేతిలో ఉంది.

“ఆపు తమ్మీ! ఆపు!”

“ఏమైందన్నా? గిట్ల ఉరికొచ్చినవేంది?”

“ఈ డ్రమ్ములు మళ్ళ కడగాలె. కొయ్యేముందు నీళ్ళు నింపు, ఆవిరి బయటికి పోతది.”

“నీళ్ళు నింపుకుంట కూసుంటే పనెప్పుడైతది? సూపర్‌వైజర్ నన్ను తింటడు. పొద్దుగాల మీరే క్లియరన్నరు గదా?”

“ఇప్పుడు గాదంటున్న.”

అతను నా ముఖం కేసి చూశాడు. “నీకు వాసనొస్తలేదని హాల్ల చెప్పినవ్, విన్న. భాయ్ సూసిండు గదన్నా?” అన్నాడు. ఇంగువ దగ్గర భాయ్ కూడా ఓడిపోయాడు కదా అని అతనికి తట్టలేదు. కళ్ళకు గంత కట్టి ఆడిన ఆట అది, జవాబు చెప్పింది నేను. అతని లెక్కలో తప్పు నాది, భాయ్ ముక్కు భాయ్‌దే. నేను నిజం చెప్పి ఉంటే భాయ్ బతుకు అక్కడికక్కడే అయిపోయేది. పైపు తెచ్చి డ్రమ్ములోకి నీళ్ళు పెట్టాను. డ్రమ్ములన్నీ నిండేదాకా అక్కడే నిలబడ్డాను. సూపర్‌వైజరు వచ్చి తిట్టాడు, తిరిగి తిట్టాను.

మర్నాడు మా ఇద్దరినీ కంపెనీ డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరు దూదికి స్పిరిట్ అద్ది ముక్కు దగ్గర పెట్టి, వస్తోందా అన్నాడు. పరీక్ష అంతే. సీసా ఎదురుగా బల్ల మీదే ఉంది, దాని మీద పేరు కూడా ఉంది. నేను రావడం లేదన్నాను. సిగరెట్లు తాగుతావా, కరోనా వచ్చిందా, చిన్నప్పుడు సైనస్ ఉందా అని వరసగా అడిగాడు. ఇంట్లో, ఊళ్ళో, నా ఒంట్లో ఎక్కడైనా కారణం ఉండొచ్చు, డ్రమ్ములో మాత్రం ఉండకూడదు. డ్రమ్ముల గురించి ఒక్క ప్రశ్న వేస్తాడేమోనని చూశాను. వేయలేదు.

భాయ్‌ను అడిగితే “వస్తుంది సాబ్, స్పిరిట్” అన్నాడు.

బయటకు వచ్చాం. భాయే మొదలుపెట్టాడు. “నువ్వు బయటి మేడమ్ ముంగట చెప్పినవ్, నిన్ను ఏం చెయ్యలేరు. నన్ను జల్దీ గేటు చూపిస్తరు. ఈ వయసుల నన్నెవడు పన్లకు తీసుకుంటడన్నా?”

“మరి ఆ తమ్మునికేమైతది భాయ్? రేపు నువ్వు ఒక్కనివే క్లియరంటవా?”

“మంచిగ కడుగుతున్న. ఒకటికి రెండుసార్లు కడుగుతున్న.”

“కడిగినవో లేదో ఏం జూసి చెప్తవ్?”

నా కోపం అతని మీద కాదని అప్పుడూ తెలుసు. కానీ దొరికినవాడు అతనే.

అతను అన్నట్టే అయింది. బయటివాళ్ళ ముందు నోరు విప్పినందుకు నన్ను గేటు బయటకు పంపలేకపోయారు. స్టోరుకు మార్చారు. గ్లౌజులు, బూట్లు, మాస్కులు ఇచ్చే పని. భాయ్ డ్రమ్ముల దగ్గరే ఉన్నాడు, కొత్త మనిషిని జోడీ ఇచ్చారు. స్టోరు కిటికీలోంచి వెనక షెడ్డు కనిపిస్తుంది. కట్టర్ నిప్పురవ్వలు లేచినప్పుడల్లా నా చేతిలో ఉన్న వస్తువు కింద పడేది. ఇంటికి వెళ్ళి భాయ్ సంగతి మా ఆవిడకు చెప్పాను. “గా పిల్లగానికి చెప్పెయ్‌రాదు?” అనేది మా ఆవిడ. చెబితే భాయ్ రోడ్డున పడతాడు. చెప్పకపోతే తమ్ముడు ఏ రోజు ఏమవుతాడో తెలియదు. మీటరు బయటకు తీయమని మేనేజరు సారును రెండుసార్లు అడిగాను. “ప్రాసెస్‌లో ఉందండీ” అన్నాడు రెండుసార్లూ. ఆ బీరువా తాళం తీయడం కంటే మనుషుల్ని మార్చడం వాళ్ళకు సులువు.

కొన్నాళ్ళకు కొత్త బ్యాచ్ చేరింది. మేడమ్ మళ్ళీ వచ్చింది. ఈసారి స్టోరుకు వచ్చి నన్ను వెతుక్కుని, “ఆ రోజు మీకు స్టిక్కరు అతికించినందుకు నాకు చాలా సిగ్గుగా ఉందండీ” అంది. పని తెలిసినవాళ్ళే కొత్తవాళ్ళకు నేర్పాలని కంపెనీకి చెప్పానని, నా పేరు ఇచ్చానని అంది. తర్వాత మేనేజరు సారు పిలిపించాడు.

“మీరు బాగా మాట్లాడతారు. డ్రమ్ము పాఠం మీరు చెప్పండి. పట్టుకుని చూపించడం, మూత విప్పడం, వాసన చూడడం, అన్నీ ఆవిడ పద్ధతిలోనే, చేసి చూపిస్తూ. వాసన చూసే ముక్క భాయ్ చూపిస్తాడు. ఆరోగ్యం సంగతులు మాత్రం ఎత్తకండి. ఏమంటారు?”

నా ముక్కు తీసుకున్నది చాలక, ఇంకొకళ్ళ ముక్కులు ఎలా పోగొట్టుకోవాలో నన్నే నేర్పమంటున్నారు. వాసన తెలియని మనిషి పక్కన నిలబడి చూపిస్తాడు, వాసన తెలియని ఇంకో మనిషి మాటల్లో చెబుతాడు. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. సరే సార్ అన్నాను.

హాలు నిండా కొత్తవాళ్ళు. ఒడిశావాళ్ళు, బీహారువాళ్ళు, మన జహీరాబాద్ వైపువాళ్ళు. చూసి వెళ్ళమని పాతవాళ్ళను కూడా కొందరిని కూర్చోబెట్టారు. కట్టర్ తమ్ముడు మూడో వరసలో ఉన్నాడు. ముందు ఒక నీలం డ్రమ్ము నిలబెట్టారు. భాయ్ దాని పక్కన నిలబడి ఉన్నాడు, మూత మీద చెయ్యి వేసి. మేనేజరు సారు తలుపు దగ్గర, మేడమ్ కిటికీ దగ్గర.

మొదట డ్రమ్మును దొర్లించడం నేర్పాను. ఒక్కొక్కణ్ణీ పిలిచి చేయించాను. గ్లౌజు లేకుండా మూత విప్పితే అంచు ఎలా కోస్తుందో ముట్టుకుని చూడమన్నాను. కొట్టి వినమన్నాను, అడుగున తడి ఉంటే మోత మారుతుందని. మంచి పాఠమే అది, బాగానే సాగింది. మేనేజరు సారు తల ఊపుతున్నాడు.

“ఇప్పుడు వాసన” అన్నాడు వెనక నుంచి.

భాయ్ మూత విప్పాడు. వంగబోయాడు. నేను ఆ డ్రమ్ము మీద నా చెయ్యి అడ్డం పెట్టాను.

“ఎవ్వరు దీని మీద వంగకుండ్రి” అన్నాను. హిందీలో కూడా చెప్పాను, ఇద్దరు ముగ్గురు లేచి సరిగా వినడానికి దగ్గరికి వచ్చారు. “ఇందుల ఏముందో చెప్పాల్సింది మీ ముక్కు గాదు. వాసన చూస్తే చూసిన కొద్ది పోతది. పోయినట్టు మీకు తెల్వదు. నాకు పోయింది. ఇగో, ఈ పాఠం చెప్తున్న మనిషికి ఏ వాసన రాదు. మీటరు తెచ్చి లోపల పెట్టి చూసేదాక క్లియరన్న మాట మీ నోట్లకెళ్ళి రావద్దు. ఎవడు అరిచినా రావద్దు.”

“ఏమండీ, ఏమండీ” అంటూ మేనేజరు సారు లేచాడు.

అప్పుడు మూడో వరసలో కట్టర్ తమ్ముడు నిలబడ్డాడు. ముఖంలో నవ్వు లేదు. నన్ను చూశాడు, డ్రమ్మును చూశాడు, ఇన్నేళ్ళూ దాని మీద నాతోపాటే వంగిన భాయ్‌ను చూశాడు.

“అన్నా, నీకు రాదని నాకెర్కే. మరి ఇన్నొద్దులు నేను కోసిన డ్రమ్ములు ఎవరు సూసిండ్రు?”

భాయ్ వైపు చూడకూడదని నేలను చూస్తూ నిలబడ్డాను. అటు చూస్తే హాలంతా అటే చూస్తుంది. మేనేజరు సారు కూర్చోండి, కూర్చోండి అంటున్నాడు. తమ్ముడు కూర్చోలేదు. మళ్ళీ అదే అడిగాడు.

నా పక్కన డ్రమ్ము మూత కింద పెట్టిన చప్పుడైంది.

“ఎవ్వరం సూడలే తమ్మీ” అన్నాడు భాయ్.